తగువులో రెండో వైపు

ఎదుటివాళ్ల వైపు నుంచి ఆలోచించడం పిల్లలకు పనిగట్టుకుని నేర్పాలా, పెద్దవుతున్నకొద్దీ అదే వస్తుందా? తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తరచూ అడిగే ప్రశ్న ఇది. దీని వెనకే ఇంకో భయం కూడా ఉంటుంది. ప్రతి తగువుకీ రెండు వైపులుంటాయని చిన్నప్పుడే చెప్పేస్తే, రేపు పిల్లవాడు ఏ సంగతీ తేల్చుకోలేని నాన్చుడు మనిషిగా తయారవుతాడేమోనని.

మొదటి ప్రశ్నకు జవాబు రెండు ముక్కలుగా ఉంది. తనకు తెలిసినది ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చు, తనకు కనబడేది వాళ్లకు కనబడకపోవచ్చు అన్న ఎరుక దాదాపు పిల్లలందరికీ ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఆ ఎరుకను ఒక వివాదంలోకి తీసుకువెళ్లి, తనకు నచ్చని వాదాన్ని బలంగా నిలబెట్టి, దానికి జవాబు చెప్పుకుని, అప్పుడు నిర్ణయానికి రావడం మాత్రం దానంతట అది రాదు. అరవై ఏళ్లు వచ్చినా రాని వాళ్లున్నారు. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే ఈ విషయంలో గందరగోళం అంతా.

బొమ్మకు ఏ కొండ కనబడుతుంది?

ఈ పరిశోధనకు ఆద్యులు స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్. 1948లో వచ్చిన వాళ్ల పుస్తకంలో ఒక ప్రయోగం ఉంది. బల్ల మీద మూడు కొండల నమూనా పెట్టారు. ఒకదాని శిఖరాన మంచు, ఒకదాని మీద చిన్న ఇల్లు, ఇంకోదాని మీద శిలువ. పిల్లవాడిని ఒక పక్క కూర్చోబెట్టి, ఒక బొమ్మను ఇంకో పక్క ఉంచి, ఆ బొమ్మకు కొండలు ఎలా కనబడతాయో పటాల్లోంచి ఏరమన్నారు. ఆరేడేళ్ల లోపు పిల్లలు ఎక్కువగా తమకు కనబడే దృశ్యాన్నే బొమ్మకూ అంటగట్టారు. ఆ వయసు వరకు పిల్లలు తమ చూపులోనే బందీలై ఉంటారని పియాజే తేల్చాడు.

ఆ తీర్పు కాస్త కటువైనదని తర్వాత తెలిసింది. 1970ల్లో ఎడిన్‌బరోలో మార్టిన్ హ్యూస్ అదే ప్రశ్నను పోలీసు బొమ్మలతో అడిగాడు. ఒకదాన్నొకటి కోసుకునే రెండు గోడలు, రెండు చోట్ల పోలీసులు. వాళ్ల కంట పడకుండా ఒక పిల్లవాడి బొమ్మను ఎక్కడ దాచాలి? మూడున్నర నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో పదికి తొమ్మిది జవాబులు సరిగ్గా వచ్చాయి. కొండల పటాలు పిల్లలకు అర్థంలేని పరీక్ష. దొంగాట మాత్రం వాళ్ల సొంత విద్య. పిల్లలకు రాదని మనం అనుకునే చాలా విషయాల్లో లోపం మన ప్రశ్నలో ఉంటుందని ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

చూపు సంగతి అలా ఉంటే, నమ్మకం సంగతిని 1983లో హైంజ్ విమ్మర్, యోజెఫ్ పెర్నర్ పరీక్షించారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్టును ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. మాక్సీ తిరిగి వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్టు నిజంగా ఉన్న చోటునే చూపిస్తారు. నాలుగు, అయిదేళ్లకు వచ్చేసరికి, వాడు పెట్టిన చోటే వెతుకుతాడని చెప్పగలుగుతారు. నిజం ఒకటైనా మనుషుల తలల్లో వేర్వేరు నిజాలు ఉండవచ్చునన్న గ్రహింపు అప్పటికి వచ్చేసిందన్నమాట. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లలకు ఇది కాస్త ముందే వస్తుందని పెర్నర్ బృందమే 1994లో చూపించింది. ఇంట్లో తగువుపడడానికి ఒక మనిషి ఉండడం చిన్న లాభం కాదు.

అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు రాబర్ట్ సెల్మన్ పిల్లలకు ఇంకో రకం కథ చెప్పేవాడు. ఎనిమిదేళ్ల హోలీకి చెట్లెక్కడం బాగా వచ్చు. ఒకసారి పడిపోతే, ఇక ఎక్కనని తండ్రికి మాట ఇచ్చింది. తర్వాత స్నేహితుడి పిల్లిపిల్ల చెట్టు మీద చిక్కుకుంది. హోలీ ఎక్కాలా, మానాలా? తండ్రి ఏమనుకుంటాడు? అయిదారేళ్ల పిల్లలు ఒక్కొక్కరి మనసునూ విడివిడిగా చెప్పగలరు. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య, హోలీ ఎలా ఆలోచిస్తున్నదీ తండ్రి ఊహించగలడని కూడా తెలుస్తుంది. పదేళ్లు దాటాక ఇద్దరికీ బయట నిలబడి, మూడో మనిషిలా ఇద్దరినీ చూడడం మొదలవుతుంది. ఆరు, ఏడు తరగతుల వయసు అది. బడిలో వివాదాస్పద విషయాలను చర్చకు తీసుకురావడానికి అంతకంటే అనువైన వయసు లేదు.

చదువుకున్నా పోని మొగ్గు

పన్నెండేళ్లకు పనిముట్టు చేతికొస్తుంది. దాన్ని వాడుతారా అన్నది వేరే సంగతి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డియానా కూన్ టీనేజీ పిల్లల నుంచి అరవై దాటిన వాళ్ల దాకా 160 మందిని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. జైలు నుంచి విడుదలైన వాళ్లు మళ్లీ నేరాలు ఎందుకు చేస్తారు? కొందరు పిల్లలు బడిలో ఎందుకు తప్పుతారు? నిరుద్యోగం ఎందుకు ఉంది? అందరి దగ్గరా అభిప్రాయాలున్నాయి. మీ మాటతో ఏకీభవించని మనిషి ఏమంటాడు, అది ఎందుకు తప్పో అతనికి ఎలా చూపిస్తారు అని అడిగేసరికి చాలామంది తడబడ్డారు. తమ అభిప్రాయాన్నే ఇంకో మాటల్లో చెప్పారు. 1991లో వచ్చిన ఈ అధ్యయనంలో వయసు పెరగడం వల్ల తేడా ఏమీ కనబడలేదు. చదువు కొంత మేలు చేసింది.

ఆ కొంత కూడా ఎంతో చెప్పడం కష్టం. డేవిడ్ పెర్కిన్స్ 1985లో చూసినదాని ప్రకారం, తెలివైన వాళ్లు తమ పక్షాన ఎక్కువ వాదాలు తేగలుగుతారు. ఎదుటి పక్షాన తెచ్చే వాదాల సంఖ్య మాత్రం పెద్దగా పెరగదు. కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్ తర్వాతి కాలంలో చేసిన పరీక్షలు కూడా ఇదే చెప్పాయి: తనవైపు మొగ్గుకూ తెలివితేటలకూ సంబంధం చాలా పలచన. మార్కులు బాగా తెచ్చుకునే పిల్లవాడు ఎదుటివాళ్ల మాట కూడా బాగా వింటాడన్న భరోసా ఏమీ లేదు. తన మాటను ఇంకాస్త నేర్పుగా సమర్థించుకోగలడంతే.

మరి పక్షపాతం లేకుండా ఆలోచించమని చెబితే సరిపోదా? సరిపోదు. 1984లో చార్లెస్ లార్డ్, మార్క్ లెపర్, ఎలిజబెత్ ప్రెస్టన్ ఉరిశిక్షను సమర్థించే వాళ్లకు, వ్యతిరేకించే వాళ్లకు రెండు పరిశోధన పత్రాలు ఇచ్చారు. ఒకటి ఒక పక్షానికి, రెండోది ఇంకో పక్షానికి అనుకూలం. కొందరికి న్యాయమూర్తిలా నిష్పక్షపాతంగా చదవమని సూచించారు. ఏ ఉపయోగమూ లేకపోయింది. ఎవరికి నచ్చిన పత్రం వాళ్లకు గట్టిగా కనబడింది. ఇంకొందరికి ఒక పని చెప్పారు: ఇదే పద్ధతిలో చేసిన పరిశోధన ఫలితం తారుమారుగా వచ్చి ఉంటే మీరు ఇలాగే మెచ్చుకునేవాళ్లా, ఇలాగే తప్పుబట్టేవాళ్లా అని అడుగడుగునా ప్రశ్నించుకోమన్నారు. వీళ్లలో మొగ్గు బాగా తగ్గింది. మంచిగా ఉండమన్న ఉపదేశం పని చేయదు. చేయాల్సిన పనిని చేతికిస్తే చేస్తుంది. మన నీతి పాఠాలు రాసేవాళ్లు ఈ ప్రయోగాన్ని ఒకసారి చదివితే బాగుండును.

ఇంకొక మెలిక కూడా ఉంది. వాళ్ల స్థానంలో నువ్వుంటే ఎలా ఉంటుందో ఊహించుకో అని పిల్లలకు తరచూ చెబుతాం. తల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన 25 ప్రయోగాల్లో ఈ ఊహను పరీక్షించారు. ఎదుటివాళ్ల స్థానంలో తమను ఊహించుకున్న వాళ్లు, వాళ్ల మనసులో ఏముందో కనిపెట్టడంలో మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. ఎదుటి మనిషిని నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడే ఊహ నిజానికి దగ్గరపడింది. ఎదుటివాళ్ల చెప్పుల్లో తమ కాళ్లనే ఊహించుకుంటారు కాబట్టి ఇలా జరగడంలో ఆశ్చర్యం లేదు. బడిలో జరిగే పనికి ఈ ఫలితం చాలా ముఖ్యం. దయ, సానుభూతి పెంచడానికి ఊహ పనికొస్తుందేమో కానీ, సమాచారానికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

వాదించుకుంటూ నేర్చుకోవడం

ఒక్కడే కూర్చుని తన ఆలోచనను తానే సరిదిద్దుకోవడం మనిషికి ఎందుకింత కష్టం? హ్యూగో మెర్సియే, డాన్ స్పెర్బర్ 2011లో ఒక వివరణ ఇచ్చారు. తర్కించే శక్తి ఏకాంతంలో సత్యం వెతకడానికి కాక, ఇతరులను ఒప్పించడానికీ వాళ్ల మాటను పరీక్షించడానికీ పెరిగినదని వాళ్ల వాదన. అందుకే మనం మన వాదాన్ని తయారుచేసేటప్పుడు సోమరులం, ఎదుటివాళ్ల వాదాన్ని విడదీసేటప్పుడు చురుకైనవాళ్లం. దీనికి ఊతమిచ్చే ఫలితం డేవిడ్ మోష్‌మన్, మాలీ గైల్ 1998లో చేసిన ప్రయోగంలో ఉంది. కళాశాల విద్యార్థులకు ఒక తర్క సమస్య ఇస్తే విడిగా ఉన్నవాళ్లలో పదిమందికి ఒకరు మాత్రమే సాధించారు. అయిదారుగురు కలిసి చర్చించుకున్న బృందాల్లో నాలుగింట మూడు సాధించాయి.

ఈ వివరణ ఎంతవరకు నిలుస్తుందన్న చర్చ ఇంకా సాగుతోంది. అయితే భారతీయ తర్క సంప్రదాయం ఈ సంగతిని ఒక నియమంగానే పెట్టుకుంది. ముందు పూర్వపక్షం, అంటే ప్రత్యర్థి వాదాన్ని అతను ఒప్పుకునేంత బలంగా చెప్పాలి. ఆ తర్వాతే సిద్ధాంతం. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి: నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏమీ నిలబెట్టకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండం. బడుల్లో ఆగస్టు 15కు పెట్టే వక్తృత్వ పోటీలు, కంఠతా పట్టిన ఉపన్యాసాల పోటీలు ఎక్కువగా రెండో రకానివి. టీవీ చర్చలు ఏ రకానివో పాఠకులకు తెలుసు.

పద్ధతిగా నేర్పడానికి జరిగిన ప్రయత్నాల్లో మూడు ముఖ్యమైనవి. కొలంబియాలో తర్కం బోధించిన మాథ్యూ లిప్‌మన్, పిల్లలు తత్వచర్చ చేయగలరన్న నమ్మకంతో వాళ్ల కోసం కథలు రాసి, 1974లో న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్‌లో ఒక సంస్థ నెలకొల్పాడు. ఇంగ్లండులో 48 ప్రాథమిక పాఠశాలల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. చదవడంలో, లెక్కల్లో కొద్ది మెరుగుదల కనబడింది. ఆ తర్వాత ఇంకా పెద్ద ఎత్తున జరిపిన పరీక్షలో చదవడంలో అలాంటి మెరుగుదల రాలేదు. తర్కించడం నేర్పితే లెక్కల మార్కులు పెరగాలని ఆశించడమే బహుశా అత్యాశ.

రెండోది మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ సోదరులది. నలుగురు పిల్లల్లో ఇద్దరు ఒక పక్షం, ఇద్దరు ఇంకో పక్షం. వాదించుకుంటారు. తర్వాత పక్షాలు మార్చుకుని, ఇప్పటిదాకా ఖండించిన వాదాన్నే సమర్థిస్తారు. చివరికి రెండు పక్షాలనూ పక్కన పెట్టి నలుగురూ కలిసి ఒక మాట మీదకు వస్తారు. పక్షం మార్చడంలో ఉన్న లాభం కబడ్డీ ఆడినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. కూతకు వెళ్లేవాడే తన వంతు అయిపోయాక పట్టుకునేవాడు కూడా. చీలమండ ఎక్కడ చిక్కుతుందో పట్టి చూసినవాడికి, కూతకు వెళ్లినప్పుడు ఆ కాలును ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది. వాదంలో కూడా బలహీనమైన చోటు ఎదుటి గీతలో నిలబడి చూస్తేనే కనబడుతుంది.

మూడోది డియానా కూన్, అమాండా క్రోవెల్ న్యూయార్కులోని ఒక మాధ్యమిక పాఠశాలలో మూడేళ్లు, వారానికి రెండుసార్లు నడిపినది. ఒకే అభిప్రాయం ఉన్న ఇద్దరు పిల్లలు జట్టుగా కూర్చుని, ఎదుటి అభిప్రాయం ఉన్న ఇంకో జట్టుతో కంప్యూటరు మీద రాతలో వాదిస్తారు. రాత కావడం వల్ల ఎదుటివాళ్లు అన్న మాట కళ్లముందే ఉంటుంది. మరిచిపోవడానికీ, వంకర తిప్పడానికీ వీలుండదు. ఇంకో గుంపు పిల్లలకు ఉపాధ్యాయుడు నడిపే మామూలు తరగతి చర్చ, ఎక్కువ వ్యాసరచన ఇచ్చారు. చివర్లో కొత్త విషయం మీద వ్యాసం రాయిస్తే, జట్లుగా వాదించిన పిల్లలే రెండు వైపుల వాదాలనూ ఎక్కువగా తెచ్చి ముడిపెట్టారు. 2011లో ఈ ఫలితాలు వచ్చాయి. గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. మొదట్లో సమాచారం ఏమైనా కావాలా అంటే అక్కర్లేదన్న ధోరణిలో ఉన్న పిల్లలు, తర్వాత తర్వాత తామే ప్రశ్నలు రాసి అడగడం మొదలుపెట్టారు.

కొవ్వాడ ఒక పాఠమైతే

ఇప్పుడు న్యూయార్కు నుంచి ఎచ్చెర్లకు రావచ్చు. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని, జాతీయ రహదారి మీద ఉన్న ఈ మండలంలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది, బుడగట్లపాలెం లాంటి మత్స్యకార గ్రామాలున్నాయి, మెట్ట సేద్యం ఉంది. పొరుగున రణస్థలం మండలంలోని కొవ్వాడ తీరాన, ఒక్కొక్కటి 1208 మెగావాట్ల ఆరు అణు రియాక్టర్ల కేంద్రం కట్టాలని ప్రతిపాదన. నిర్వాసితుల కోసం పునరావాస కాలనీకి ఎంచుకున్న చోటు ఎచ్చెర్ల మండలంలోని ధర్మవరం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆలోచించడానికి ఇంతకంటే దగ్గరి విషయం దొరకదు. ఇలాంటివి తరగతిలోకి రాకూడదనే వాళ్లున్నారు. ఈ జిల్లాలో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం మీద 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల దాకా పోయాయి పెద్దల తగువులు. తరగతి గదిలో రానివ్వకపోతే పిల్లలు ఈ సంగతులను రచ్చబండ దగ్గరా ఫోనులోనూ, ఒకే వైపు నుంచి వింటారు.

మొదటి పీరియడులో ఉపాధ్యాయుడు చేసే పని ఎవరెవరికి ఈ సంగతితో సంబంధం ఉందో పిల్లల చేత చెప్పించడం. రైతు, మత్స్యకారుడు, ప్రభుత్వం అని మూడు పేర్లు చెప్పి పిల్లలు ఆగిపోతారు. అక్కడ ఆగకూడదు. మత్స్యకారుడన్నది ఒక్క మనిషి కాదు. వేటకు వెళ్లేవాడు, ఒడ్డున చేపలు కొని గంపతో ఊళ్లమ్మట అమ్మే ఆడమనిషి, వేట గిట్టక గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి మరపడవల మీద పనిచేసే కుర్రవాడు, ముగ్గురి లెక్కలు మూడు రకాలు. వెరావల్ వెళ్లినవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకోవడం, 2018 నవంబరులో చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో విడుదలై రావడం ఇక్కడి పిల్లల ఇళ్లలో తెలిసిన కథే. ఊళ్లోనే ఉద్యోగం దొరుకుతుందన్న మాట ఆ కుర్రవాడి చెవికి ఒక రకంగా వినబడుతుంది. సముద్రానికి దూరంగా ఇల్లు ఇస్తామన్న మాట గంప ఎత్తుకునే మనిషికి ఇంకో రకంగా వినబడుతుంది.

భూమి సంగతి కూడా అంతే. పట్టా ఉన్న రైతు పరిహారం రేటు గురించి మాట్లాడుతాడు. అదే పొలంలో కూలికి వెళ్లే మనిషి పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఇక్కడ ఉపాధ్యాయుడు 2013 భూసేకరణ చట్టం చూపించాలి. భూమి లేకపోయినా మూడేళ్లుగా ఆ ప్రాంతంలో కూలి మీద, కౌలు మీద బతుకుతున్న కుటుంబాలనూ, నీటివనరుల మీద ఆధారపడిన మత్స్యకార కుటుంబాలనూ ఆ చట్టం ప్రభావిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. పిల్లలు అంతవరకు జాలి మాటగా అన్నది హక్కు మాటగా మారుతుంది. ఇక ధర్మవరం వాళ్ల సంగతి. కొత్త కాలనీ వస్తే బడి, నీళ్లు, రోడ్డు పంచుకోవాల్సిన వాళ్లు వీళ్లు. చర్చల్లో ఎవరికీ గుర్తురాని పక్షం ఇదే. ఎచ్చెర్ల పిల్లలకు మాత్రం గుర్తురావాలి.

రెండో పీరియడు సమాచారానికి. పిల్లలు లేవనెత్తే ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులు పుస్తకాల్లో ఉంటాయి, కొన్నిటికి మనుషుల దగ్గర ఉంటాయి. బొగ్గుతో పోలిస్తే అణు విద్యుత్తు వాతావరణానికి మేలా? వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల బృందం 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం, గనుల నుంచి కూల్చివేత దాకా అన్నీ కలిపితే ఒక యూనిట్ కరెంటుకు బొగ్గు 820 గ్రాముల కర్బన వాయువు వదిలితే అణు కేంద్రం వదిలేది 12 గ్రాములు. ఫుకుషిమాలో జరిగింది ఇక్కడ జరగదా? 2011 మార్చిలో సునామీ వచ్చి విద్యుత్తు పోయి శీతలీకరణ ఆగిపోయింది. లక్షన్నరకు పైగా జనం ఊళ్లు ఖాళీ చేశారు. కొవ్వాడకు అనుకున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ-1000 నమూనాను, బయటి విద్యుత్తు లేకపోయినా 72 గంటలు తనంత తాను చల్లబడేలా రూపొందించారు. ఆ తర్వాత? అది పిల్లలు తప్పక అడగాల్సిన ప్రశ్న. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన తీరం ఇది. రోడ్ల మీద చెట్లు పడి, స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు ఎవరికీ కొత్త కాదు. ఖర్చు ఎంత? అమెరికాలోని జార్జియాలో ఇదే నమూనాతో కట్టిన రెండు రియాక్టర్లు 2023, 2024లో పని మొదలుపెట్టేసరికి ఏళ్ల తరబడి ఆలస్యమై, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఇంతకూ ఈ రియాక్టర్లు మొదట గుజరాత్‌లోని మిఠీ విర్దికి అనుకున్నవి. అక్కడ భూసేకరణ కుదరక ఇటు వచ్చాయి. ఎందుకు కుదరలేదు, ఇక్కడ ఎందుకు కుదిరింది అన్న ప్రశ్న పదో తరగతికి కూడా గట్టిదే.

మనుషుల దగ్గర ఉన్న జవాబుల కోసం మనుషుల దగ్గరికే వెళ్లాలి. నేను మత్స్యకారుడినైతే ఇలా అనుకుంటాను అని రాయించడం సులువు. ఎప్లీ బృందం చూపించినట్టు, అందులో చాలావరకు రాసేవాడి మనసే ఉంటుంది. బుడగట్లపాలెం నుంచి వచ్చే పిల్లలు తరగతిలో ఉంటే వాళ్ల ఇళ్లలో అడిగి రమ్మనవచ్చు. ఏం అడగాలన్నది ముందుగా కలిసి రాసుకోవాలి: పడవ ఎక్కడ నిలుపుతారు, వేళ కాని వేళ ఒడ్డుకు వెళ్లాల్సి వస్తుందా, ఆడవాళ్లు రోజుకు ఎంత దూరం నడుస్తారు. విద్యుత్తు లెక్కలు చెప్పడానికి ట్రిపుల్ ఐటీ నుంచి ఇంజనీరింగు విద్యార్థి ఒకరు వచ్చినా చాలు. అయితే ఒక జాగ్రత్త. నిర్వాసిత కుటుంబం నుంచి వచ్చిన ఒక్క పిల్లను నిలబెట్టి, మీ వాళ్ల బాధ చెప్పమ్మా అనడం పాఠం కాదు, శిక్ష. చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టానికి వదిలేయాలి.

మూడో పీరియడులో వాదం. నలభై మంది తరగతిలో నలుగురేసి పది బృందాలు. పక్షాలు చీటీలు వేసి పంచాలి. ఎవరి అభిప్రాయం వాళ్లకు ఇస్తే ఇంట్లో విన్నదే వల్లిస్తారు. పదిహేను నిమిషాల తర్వాత చీటీలు మార్చుకోవాలి. మార్చుకునే ముందు ఒక షరతు: అవతలి జట్టు చెప్పిన వాదాన్ని, వాళ్లు ఔను ఇదే మేమన్నది అని ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. పిల్లలకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే. మొదటి ప్రయత్నంలో చాలామంది అవతలి మాటను వెటకారంగానో, నీరుగార్చో చెబుతారు. ఒప్పుకోలేదని అవతలి జట్టు వెనక్కి పంపుతుంది. నిజమైన చదువు ఆ వెనక్కి పంపడంలో జరుగుతుంది. ఉపాధ్యాయుడు బృందాల మధ్య తిరగాలి, తీర్పు చెప్పకూడదు. పీరియడు అయ్యేలోపు అందరూ ఒక మాట మీదకు రావాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. ఎక్కడ తేడా ఉందో స్పష్టంగా రాయగలిగినా ఆ రోజు పని అయినట్టే.

పుస్తక భాషలో వాదన రాదు

వాదించమంటే పిల్లలు మౌనంగా ఉండిపోవడానికి ఒక కారణం భాష. ఇంట్లో సిక్కోలు యాసలో అనర్గళంగా తగువు ఆడే పిల్ల, తరగతిలో లేచి నిలబడగానే పుస్తకం మాటల కోసం వెతుక్కుంటూ ఆగిపోతుంది. ఆలోచించే శ్రమ, వాక్యం దిద్దుకునే శ్రమ రెండూ ఒకేసారి మీద పడతాయి. చర్చను ఇంటి మాటలో జరగనిచ్చి, తర్వాత రాసేటప్పుడు రాత భాషకు మార్చుకోమంటే ఈ చిక్కు తీరుతుంది.

ఈ మాట మొదట గట్టిగా అన్న మనిషి ఈ జిల్లావాడే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. తెలుగు బడుల్లో గ్రాంథికం పిల్లల నోరు నొక్కేస్తోందని ఆయన పక్షం. గురజాడ అప్పారావు అటే. ఎదురు పక్షాన జయంతి రామయ్య పంతులు. జిల్లాకొక తీరుగా ఉన్న వాడుక మాట ఎక్కితే తెలుగువాళ్లందరికీ ఒకటిగా ఉన్న రాత భాష ముక్కలవుతుందని, పాత సాహిత్యం పిల్లలకు పరాయిదైపోతుందని ఆయన అభ్యంతరం. తీసిపారేయదగ్గ అభ్యంతరం కాదది. 1913లోనే రెండు పక్షాల వాళ్లూ ఇంగ్లీషులో పుస్తకాలు అచ్చువేశారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాశాడు.

తరగతిలో చదివించడానికి ఈ వివాదం కొవ్వాడ కంటే కొన్ని విధాల అనువైనది. ఎవరి ఇల్లూ పోదు, ఎవరి పార్టీ ప్రసక్తీ రాదు. పైగా గిడుగు పద్ధతిలో ఒక పాఠం ఉంది. ప్రత్యర్థులు గౌరవించే కావ్యాలు, శాసనాలు, పాత వచనం వాళ్లకంటే లోతుగా చదివి, వాళ్లు తప్పన్న రూపాలు అక్కడే ఉన్నాయని చూపించాడు. ఎదుటి పక్షాన్ని ఊరికే విని వదిలేయలేదు, అందులో పండితుడయ్యాడు. ఆయన వైపే గాలి వీచిందని ఇప్పుడు తెలుసు కాబట్టి, పిల్లల చేత రామయ్య పంతులు పక్షాన్ని గట్టిగా వాదింపజేయడం ఇంకా మంచి సాధన.

ఏది అభిప్రాయం, ఏది కాదు

అన్ని వైపులూ వినమన్నంత మాత్రాన అన్నీ సమానమని కాదు. ఏపీ-1000 ఎన్ని గంటలు తనంతట చల్లబడుతుందన్నది ఓటు వేసి తేల్చే సంగతి కాదు. కరెంటు ముఖ్యమా, ఊరు ముఖ్యమా అన్నది లెక్క వేసి తేల్చే సంగతి కాదు. పిల్లల వాక్యాలను ఈ రెండు కుప్పలుగా విడదీయించడం చిన్న పనిలా కనబడుతుంది కానీ, సగం తగువులు అక్కడే సర్దుకుంటాయి. గ్రహణం వేళ గర్భిణి కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందా అన్నదానికి రెండు పక్షాలు పెట్టి వాదింపజేయడం తర్కం నేర్పడం కాదు. లేని వైపును ఉన్నట్టు చూపడం. అంటరానితనం మంచిదా చెడ్డదా అన్నదీ అంతే. తరగతిలో కూర్చున్న ఒక పిల్లవాడి మనిషితనమే చర్చాంశమైతే, అది ఎంత మర్యాదగా సాగినా అన్యాయమే. అలాంటి చోట అడగదగిన ప్రశ్న వేరే: దీన్ని సమర్థించినవాళ్లు ఏ కారణాలు చెప్పుకున్నారు, అవి ఎలా కూలాయి?

పిల్లలు ఏదీ తేల్చుకోలేకుండా పోతారన్న భయానికి జవాబు ఇక్కడే ఉంది. కూన్ తన ముఖాముఖిల్లో మనుషులను మూడు రకాలుగా చూసింది. నిజం ఒకటే, అది నిపుణులకు తెలుసు అనేవాళ్లు. ఎవరి అభిప్రాయం వాళ్లది, అన్నీ ఒకటే అనేవాళ్లు. అభిప్రాయాలు అనేకం, కానీ ఆధారాలను బట్టి కొన్ని మిగతావాటి కంటే మెరుగు అనేవాళ్లు. పెద్దలు భయపడే నాన్చుడు రెండో రకం. రెండు వైపులు చూపించి అక్కడితో ఆపేస్తే పిల్లలు ఆ మెట్టు మీదే కూర్చుంటారు, నిజమే. తూచమని, తూచిన తీరు చెప్పమని అడిగితే మూడో మెట్టు ఎక్కుతారు. అందుకే జాన్సన్ సోదరుల పద్ధతిలో చివరి దశను ఎగ్గొట్టకూడదు.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో దీనికి చోటు కాగితం మీద ఇప్పటికే ఉంది. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించడాన్ని, ప్రశ్నించడాన్ని ఒక విద్యాప్రమాణంగా పెట్టుకున్నాయి. దాని కింద వచ్చే ప్రశ్నలకు కూడా గైడుల్లో తయారు జవాబులు అచ్చయ్యాయి; పిల్లలు తమ ప్రతిస్పందనను బట్టీ పట్టి రాశారు. దిద్దే పద్ధతి మారితే కానీ ఇది మారదు. అభిప్రాయం ఏ పక్షాన ఉందన్నదానికి మార్కులు ఉండకూడదు. ఎదుటి పక్షం చెప్పగల బలమైన వాదం ఒక్కటైనా రాశాడా, దానికి జవాబిచ్చాడా, ఆ జవాబుకు ఆధారం చూపాడా, తెలియనిది తెలియదని ప్రశ్నగా రాశాడా అన్న నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేస్తే, గైడు రాసేవాడికి కూడా పని కష్టమవుతుంది. ప్రశ్నలో ప్రతి ఏడూ ఊరి సంగతి మారుతూ ఉండాలి: ఒక ఏడు కొవ్వాడ, ఒక ఏడు వంశధార నీళ్ల పంపకం, ఇంకో ఏడు పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల నీరు ఎక్కడికి పోవాలన్నది.